అమ్మగారి ముఖానికి తువ్వాలు

పోయినేడు ఫిబ్రవరిలో మిరపకాయ కోతలప్పుడు మా పుట్టింటికి వెళ్ళాను. కోయడానికి కాదు లెండి. మా వదినకి మోకాళ్ళు పట్టేశాయి, చేలో కూలీలకి మంచినీళ్ళు, మజ్జిగ అందించే మనిషి లేదంటే నాలుగు రోజులు సాయానికని వెళ్ళాను. ముఠా మేస్త్రి రెండు ఆటోల్లో ఇరవై మందిని తోలుకొచ్చాడు. కాయ కోతకొచ్చిన ఆడవాళ్ళని చూసే ఉంటారుగా, చీర మీద మగాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకీ ముఖానికీ తువ్వాలు, కళ్ళు మాత్రం బయటికి. అలా కట్టుకోకపోతే ఆ ఘాటుకి తుమ్ములతోనే పొద్దు గడిచిపోతుంది. ఎవరు ఎవరో తెలియదు.

మధ్యాహ్నం వేపచెట్టు కింద అందరూ క్యారేజీలు విప్పారు. ఒకావిడ కాస్త ఎడంగా, పక్కకి తిరిగి కూర్చుంది. తువ్వాలు గడ్డం కిందికి లాగి, అన్నం మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుంది. నేను మజ్జిగ చెంబుతో ఆవిడ ముందే నిలబడి ఉన్నాను. కళ్ళు తెరిచింది. మా సంఘం అమ్మగారు. అంటే మా పాస్టరు గారి భార్య.

"అమ్మగారూ, మీరా?" అన్నాను. అంతకన్నా ఏమీ రాలేదు నోటికి.

"మీ వాళ్ళ చేనని తెలియదక్కా. తెలిస్తే ఈ ఆటో ఎక్కేదాన్ని కాదు" అంది. చేతిలో ముద్ద అలాగే ఉంది.

రెండేళ్ళబట్టి వెళ్తోందట. చలికాలంలో పత్తి తీతకి, సంక్రాంతి దాటాక కాయ కోతకి. ఎప్పుడూ మా ఊరి పొలాలకి మాత్రం పోదు. తెల్లవారుజామున ఊరి చివర దాకా నడిచి వెళ్ళి అక్కడ ఆటో ఎక్కుతుంది. అయ్యగారికి తెలుసు, పిల్లలకి తెలుసు, సంఘంలో ఎవరికీ తెలియదు. "ఎవరితోనూ చెప్పమాకండక్కా. సంఘానికి చిన్నతనం" అంది.

సాయంత్రం మా అన్నయ్య మేస్త్రికి డబ్బులిస్తే, మేస్త్రి వరసలో అందరి చేతుల్లో పెట్టాడు. ఆవిడ చెయ్యి కూడా చాపింది. ప్రతి ఆదివారం బల్ల దగ్గర అయ్యగారి పక్కన నిలబడి మా పిల్లల నెత్తిన పెట్టే చెయ్యి అది. అరచెయ్యి అంతా ఎర్రగా కందిపోయి ఉంది. కాయ కోసిన చేతి మంట మీలో చాలామందికి తెలుసు, ఆముదం రాసినా, మజ్జిగలో ముంచినా రాత్రంతా వదలదు. మర్నాడు గురువారం, మా స్త్రీల కూడిక. ఆ చేతుల్తోనే చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది.

ఇది రాయొచ్చా అని ఆవిడనే అడిగాను. "ఊరి పేరు, మా పేర్లు రాయకండి, మిగతాది రాయండి" అంది. ఆలోచించడానికి వారం తీసుకుని మరీ చెప్పింది.

కూలికి వెళ్ళడం చిన్నతనం కాదు. మా అమ్మ వెళ్ళింది, మా నాయనమ్మ వెళ్ళింది, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మన సంఘాల్ని నిలబెట్టిందే కూలి చేతులు. నాకు గుచ్చుకున్నది ఆ తువ్వాలు. ఘాటు కోసం కట్టుకునేది ఆవిడ మా కోసం కట్టుకుంది. మాకు కనిపించకుండా ఉండటానికి. డెబ్భై కుటుంబాల సంఘం, వారానికి మూడుసార్లు ఆ ఇంటి గడప తొక్కుతాం, ఆ ఇంట్లో కాఫీ తాగుతాం. ఆ కాఫీపొడి ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కరం కూడా అడగలేదు.

మన వైపు అందరు పాస్టర్లూ ఒకే రకం కాదు. మా పుట్టింటి వాళ్ళు లూథరన్లు. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో ఏర్పడింది, గుంటూరు దాని కేంద్రం. అక్కడ పాస్టరుకి జీతమని ఒకటుంటుంది, ఆలస్యమైనా. పార్సనేజి ఉంటుంది, బదిలీ ఉంటుంది. ఆ పద్ధతికి దాని కష్టాలు దానికున్నాయి. నా చిన్నప్పుడు ఒక అయ్యగారు గుండె ఆగి పోయారు. కొత్త అయ్యగారు వస్తున్నారంటే ఆ అమ్మగారు నెలల వ్యవధిలో ఇల్లు ఖాళీ చేసి, ముగ్గురు పిల్లల్ని తీసుకుని, ఇరవై ఏళ్ళ కిందట వదిలేసిన పుట్టింటికి పోయింది. మల్లెపందిరి ఆవిడ వేసుకున్నదే, దాన్ని మాత్రం తీసుకుపోలేకపోయింది. ఇక ఇప్పుడు ఊరూరా ఉన్న స్వతంత్ర సంఘాలు, మాది అలాంటిదే. అక్కడ జీతం లేదు, బదిలీ లేదు, పీఎఫ్ లేదు. ఆదివారం కానుకల సంచిలో ఏం పడితే అది.

కానుకల సంచిలో ఏం పడుతుందో మన వైపు వర్షం, పురుగు, మిరప యార్డు కలిసి నిర్ణయిస్తాయి. పోయినేడు సంగతే చూడండి. అంతకుముందు క్వింటాలు ఇరవై వేలు దాటిన కాయ, కోతల వేళకి సగానికి పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సొచ్చింది. మా అన్నయ్య కోసిన కాయని కోల్డ్ స్టోరేజీలో పెట్టి తల పట్టుకున్నాడు. మరి అటువంటి ఏడు కోత పండగకి సంఘంలో ఏం కూడుతుంది? రైతు ఇంట్లో నష్టం పంచుకోవడానికి అన్నదమ్ములుంటారు, అప్పిచ్చే కమీషన్ కొట్టు ఉంటుంది. అయ్యగారు అప్పు అడిగితే మాత్రం "విశ్వాసం లేదా" అంటారు. అడక్కపోతే అవసరం లేదనుకుంటారు.

ప్రభుత్వం నెలకి ఐదు వేలు గౌరవ వేతనం ఇస్తోంది కదా అంటారు కొందరు. ఇస్తోంది, అందరికీ కాదు, ప్రతి నెలా కాదు. 2024 మే నుంచి నవంబరు దాకా ఏడు నెలలది 2025 ఏప్రిల్లో ఒకేసారి విడుదల చేశారు, రాష్ట్రం మొత్తం మీద ఎనిమిది వేల పైచిలుకు మందికి. మా అయ్యగారి పేరు ఆ జాబితాలో లేదు. మందిరం కట్టిన స్థలం ఇప్పటికీ ఒక విశ్వాసి గారి తాత పేరున ఉంది. కాగితాలు మార్పించడానికి ఎనిమిదేళ్ళుగా "వచ్చే నెల" అంటున్నారు పెద్దలు.

డబ్బు సంగతి ముందు రాశానుగానీ అసలు బరువు అదొక్కటే కాదు. మా ఇంట్లో ఫోన్ రాత్రి పదకొండుకి మోగితే ఎవరో పోయారని గుండె దడ. వాళ్ళింట్లో అది రోజూ. దెయ్యం పట్టిందని ఒకరు, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని ఒకరు, పురుగుమందు తాగాడు ఆసుపత్రికి రమ్మని ఒకరు. పత్తి పోయిన ఏళ్ళలో ఆ చివరి ఫోన్లు ఎన్నో. అయ్యగారు బండేసుకుని వెళ్తారు. తెల్లారి సమాధి కార్యక్రమం, మధ్యాహ్నం ఒక ఇంట్లో పుట్టినరోజు కృతజ్ఞతా కూడిక, అక్కడ నవ్వాలి. ఏడ్చిన చోటు నుంచి నవ్వాల్సిన చోటుకి మధ్యలో ఆయనకి దొరికేది బండి మీద పదిహేను నిమిషాలు.

ఆయనకైనా బయట నలుగురున్నారు. అమ్మగారికి? సంఘంలో ప్రతి ఇంటి గుట్టూ ఆవిడకి తెలుసు, ఒక్కటీ పైకి అనకూడదు. తన గుట్టు ఎవరికీ చెప్పకూడదు. నాకు మొగుడి మీద కోపమొస్తే పక్కింటి పిన్నితో గంటసేపు తిట్టుకుని తేలికపడతాను. ఆవిడ అలా ఒక్కమాట అంటే ఆదివారానికల్లా "అయ్యగారింట్లో సమాధానం లేదంట" అని పాకిపోతుంది. ఒకరింటికి రెండుసార్లు వెళ్తే ఇంకొకరికి గుర్రు. అందుకని ఎవరింటికీ వెళ్ళదు. నాకన్నా పదేళ్ళు చిన్నది ఆవిడ. పదకొండేళ్ళుగా "అమ్మగారూ" అని పిలుస్తున్నాను తప్ప పేరు నాకు నిజంగా తెలియదు. చేలో కనపడ్డాక ఇంటికొచ్చి మా వాట్సాప్ గ్రూపులో వెతికితే అక్కడ కూడా "పాస్టరమ్మ గారు" అనే ఉంది.

ఇంక పిల్లలు. క్రిస్మస్ నెలంతా రోజుకో చోట సెమీ క్రిస్మస్, ఇరవై నాలుగు రాత్రి పాటల బృందం, ఇరవై ఐదున ఆరాధన, ప్రేమ విందు. మన పిల్లలు కొత్త బట్టలు చూసుకుని మురుస్తుంటే ఆ పిల్లలు ప్లేట్లు ఎత్తుతుంటారు. పోనీ అది పుణ్యమే అనుకుందాం. మార్కులు తగ్గితే "అయ్యగారి కూతురికే ఇలాగా", మార్కులు వస్తే "ప్రార్థన బలం". ఆ పిల్ల చదివిన చదువుకి పేరే లేదు. నేను కూడా తక్కువ తినలేదు. రెండేళ్ళ కిందట ఆ అమ్మాయి జుట్టు విరబోసుకుని ట్యూషన్‌కి వెళ్తే, అమ్మగారితో "కాస్త చూసుకోండి" అన్నాను. మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఏం కట్టుకు తిరుగుతుందో నాకే తెలియదు ఆ మాట అనేనాటికి.

కులం సర్టిఫికెట్ సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. రాస్తాను. క్రైస్తవులైన ఎస్సీ కుటుంబాల పిల్లలకి మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక శాతం రిజర్వేషన్. మతం మారితే ఎస్సీ హోదా ఉండదని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. 2025 ఏప్రిల్ చివర్లో హైకోర్టు అదే మాట మళ్ళీ గట్టిగా చెప్పింది, ఆ కేసు కూడా మన పాత గుంటూరు జిల్లా ఊరి పాస్టరుదే. మన ఇళ్ళల్లో చాలామంది ఆదివారం ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి. ఎందుకలా చేస్తున్నామో మనకి తెలుసు, తరాల వివక్ష బాప్తిస్మంతో ఆవిరైపోలేదు కాబట్టి. ఆ న్యాయాన్యాయాలు ఇప్పుడు నేను తేల్చలేను. కానీ అయ్యగారి ఇంట్లో మాత్రం ఆ దాపరికం కుదరదు, ఆయన బోర్డు మీద "రెవ." అని పేరు రాసి ఉంటుంది. ఇంటర్ అయ్యాక వాళ్ళ అమ్మాయి ఆ ఒక్క శాతంలో పోటీపడాలి. సంఘంలో కొందరు పెద్దలు తమ పిల్లలకి ఎస్సీ కాగితం తెచ్చుకుని, అయ్యగారి పిల్లలకి ఏం కాగితం ఉందో ఆరా తీయడం నేను చెవులారా విన్నాను.

"సేవ అంటే త్యాగం కదా, పిలుపు ఉన్నవాడికి జీతమెందుకు" అనే ప్రశ్న నాకు మా ఇంట్లోనే ఎదురైంది. మా ఆయన అడిగారు. కార్లలో తిరిగే పాస్టర్లు, నూనె సీసాలు అమ్మే పాస్టర్లు, లెక్క చెప్పమంటే శాపం పెడతామనే పాస్టర్లు లేరా అన్నారు. ఉన్నారు. నేనూ చూశాను, ఒకాయనకి నూనె సీసా డబ్బులు కూడా ఇచ్చుకున్నాను, అది వేరే కథ. అందుకే జీతం అంటున్నాను. నెలకి ఇంత అని నిర్ణయించి, పుస్తకంలో రాసి, సంఘం ముందు చదివితే అక్కడ దాపరికానికి చోటుండదు. లెక్క లేనిది కవర్ల పద్ధతిలోనే. కవరు ఎవరిస్తున్నారో అయ్యగారికి తెలుసు, ఎంత ఉందో తెలుసు. యార్డులో కమీషన్ కొట్టున్న పెద్దమనిషి పండక్కి బరువైన కవరు ఇస్తాడు. ఆ మనిషి కౌలు రైతుని ముంచాడని ఊరందరికీ తెలిసినా, ఆ ఆదివారం ప్రసంగం అన్యాయపు తూకాల మీద ఉంటుందా? ఉండదు. అయ్యగారు చెడ్డవాడై కాదు, ఆ కవరులో కూతురి ఫీజు ఉంది కాబట్టి. మన పాస్టర్లు నిజం చెప్పాలని కోరుకుంటే వాళ్ళని ఒక్కడి మీద ఆధారపడనివ్వకూడదు.

వస్తువుల కానుకల మీద కూడా ఒక మాట. మా అమ్మగారికి పోయిన క్రిస్మస్‌కి పదకొండు చీరలొచ్చాయి. పదకొండుకీ జాకెట్లు కుట్టించడానికి డబ్బుల్లేక నాలుగు చీరలు మడతల్లోనే ఉన్నాయి. మనం ఇచ్చిన చీర కట్టలేదని అలిగినవాళ్ళు ముగ్గురు.

బైబిల్లో మోషే మామ యిత్రో కథ ప్రతి సంఘంలో చెబుతారు. ఒక్కడివే ఇంత పని పెట్టుకుంటే నలిగిపోతావు, పదిమందికి పంచు అని సలహా ఇచ్చాడని. నాయకత్వ సదస్సుల్లో అయితే ఇంక అదే పాఠం. ఈ మధ్య నిర్గమకాండం 18వ అధ్యాయం మొదటినుంచి చదివాను. సలహా సంగతి అధ్యాయం సగంలో వస్తుంది. యిత్రో ముందు చేసిన పని వేరే. మోషే పుట్టింటికి పంపేసిన సిప్పోరాని, ఇద్దరు కొడుకులు గెర్షోమునీ ఎలీయెజెరునీ వెంటబెట్టుకుని అడవిలో ఆయన దగ్గరికి తీసుకొచ్చాడు. ముందు పెళ్ళాం పిల్లల్ని తెచ్చి అప్పజెప్పాడు, మర్నాడు పని గురించి మాట్లాడాడు. ఇన్నేళ్ళలో ఆ మొదటి సగం మీద ప్రసంగం నేను వినలేదు. సిప్పోరా ఆ ప్రయాణంలో ఏమనుకుందో గ్రంథంలో లేదు. ఆడవాళ్ళం మనం ఊహించుకోగలం.

ఏలీయా సంగతీ అంతే. కర్మెలు మీద అంత గెలిచిన మనిషి, ఒక్క బెదిరింపుకి పారిపోయి చెట్టు కింద పడి చావు కోరుకున్నాడు. దూత వచ్చి మందలించలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి, నిద్రపోతే పోనిచ్చి, మళ్ళీ లేపి పెట్టింది. మన దగ్గర అయ్యగారు నీరసంగా ఉన్నారంటే "ఉపవాసం తగ్గింది" అంటాం. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007 నుంచి నార్త్ కరోలినా మెథడిస్టు పాస్టర్ల ఆరోగ్యం మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మామూలు జనం కన్నా పాస్టర్లలో బరువు, షుగరు, బీపీ, మనసు కుంగుబాటు ఎక్కువని తేలింది. జీతం, సెలవు ఉన్న చోట సంగతి అది. మన వైపు బీపీ మాత్రలు సగం చేసి వేసుకునే అయ్యగార్లు ఉన్నారు. కుంగుబాటు అనే మాట వాళ్ళింట్లో పలకనే పలకరు, విశ్వాసానికి మచ్చ అని. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ ఉంది, 14416. తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు. ఆ నంబరు మా అమ్మగారి ఫోన్లో నేనే ఎక్కించాను. ఎవరి కోసమని ఆవిడ అడగలేదు.

పాతకాలం వాళ్ళకి ఇవి తెలియవనుకోకండి. ఒంగోలు ప్రార్థనా కొండ కథలో 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున కొండెక్కి ప్రార్థించిన వాళ్ళు ఐదుగురు. జూయెట్ దొరగారు, ఆయన భార్య, నరసు అనే బోధకుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. 1870ల్లో రామాపట్నంలో బాప్టిస్టులు సెమినరీ పెట్టినప్పుడు విద్యార్థుల భార్యల్ని కూడా చదివించారు. భర్త ఒక్కడే బోధకుడైతే ఇల్లు నడవదని వాళ్ళకి తెలిసింది. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి పని చూపించారు, బోధకులు ఆ మట్టి పనిలో జనం పక్కనే నిలబడ్డారు. ఆ కరువు దాటాకే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. బోధకుడు పార పక్కన నిలబడితే అప్పుడు ఎవరికీ చిన్నతనం కాలేదు. ఇటు గుంటూరులో 1842 జూలై 31న అడుగుపెట్టిన హయ్యరు దొరగారి పేరు మాకు సండేస్కూల్లో కంఠతా పట్టించారు. ఆయన భార్య మేరీ దానికి మూడేళ్ళ ముందే చనిపోయిందని, పిల్లల్ని సముద్రం అవతల వదిలి వచ్చాడని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను.

మేం ఏం చేశామో కూడా చెప్పాలి, గొప్పగా ఏమీ జరగలేదు. చేలో సంగతి ఎవరికీ చెప్పలేదు. స్త్రీల కూడికలో మాత్రం పిడికెడు బియ్యం మళ్ళీ మొదలుపెడదామన్నాను. వంటకి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు పక్కన డబ్బాలో, ఆదివారం తెచ్చి ఇవ్వడం. మా అత్తగారి కాలంలో ఉండేది, ఎప్పుడో ఆగిపోయింది. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అది డబ్బు కాదు. ఆ తరవాత బీమా అన్నాను. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి ఇరవై రూపాయలు, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. జీవన్ జ్యోతి ఏడాదికి 436, ఎలా పోయినా రెండు లక్షలు, యాభై లోపు చేరాలి. ఇద్దరికీ కలిపి 912 రూపాయలు. రాత్రిపూట లారీల రోడ్డు మీద బండి నడిపే మనిషికి అది లేకపోవడం మా తప్పే. ఒక క్రిస్మస్ చీర ఖరీదు అంతే కదా అంటే నవ్వారు, ఇచ్చారు.

జీతం అనేసరికి గొడవైంది. ఒక పెద్దాయన లేచి "ఆడవాళ్ళు సంఘం ఆర్థిక విషయాల్లోకి రాకూడదు" అన్నారు. కానుకల సంచిలో సగానికి పైగా ఆడకూలి డబ్బులేనని వెనక నుంచి ఎవరో గట్టిగా అన్నారు. ఎవరో నాకు తెలుసు, రాయను. మూడు నెలల వాదన తరవాత నెలకి ఇంత అని ఒక అంకె ఒప్పుకున్నారు. అది సరిపోదు. కానీ ఒకటో తారీకున వస్తుంది. సోమవారం అయ్యగారి ఫోన్ ఒక పెద్ద దగ్గర ఉండాలని కూడా అనుకున్నాం, చావుబతుకుల కబురైతేనే ఆయనకి చేరాలి అని. ఆ ఏర్పాటు ఐదు వారాలు నడిచింది. ఆరో సోమవారం ఎవరిదో కోడి పోయిందని ప్రార్థనకి పిలిచారు.

అయ్యగారు నాతో పదిహేను రోజులు సరిగ్గా మాట్లాడలేదు. "నా ఇంటి లేమిని బజారున పెట్టారు" అని అమ్మగారితో అన్నారట. ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ ఒప్పుకోను. దేవుడు సమకూరుస్తాడని ఆయన ప్రసంగించిన రోజుల్లో సమకూర్చింది ఆవిడ మంట చేతులు. ఆ మాట ఒక్కసారి పులిపీట మీద నుంచి చెప్పి ఉంటే ఆవిడకి తువ్వాలు అక్కర్లేకపోయేది.

ఇంకొకటి చెప్పకపోతే ఈ రాత తప్పుదోవ పడుతుంది. అయ్యగార్ల భారం మోయాలి అంటే తప్పులు మూసిపెట్టాలని కాదు. ఏ అమ్మగారి ఒంటి మీదైనా దెబ్బలు కనపడితే, ఏ పిల్లైనా భయపడుతూ ఏదైనా చెబితే, "దైవజనుడి మీద మాట అనకూడదు" అని నోరు నొక్కకండి. 181 మహిళలకి అన్ని వేళలా పనిచేసే నంబరు. అయ్యగారి భార్య కూడా మహిళే.

మొన్న సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ కోతలు మొదలయ్యాయి. అమ్మగారు ఈ ఏడు కూడా వెళ్తోంది, జీతం చాలక, కూతురి కౌన్సెలింగ్ ఖర్చులకని. తేడా ఏంటంటే ఆటో ఇప్పుడు మందిరం ముందే ఆగుతుంది. తువ్వాలు కట్టుకునే వెళ్తుంది, ఘాటుకి. సాయంత్రం దిగేటప్పుడు తీసి భుజాన వేసుకుంటుంది. గురువారం కూడికని రాత్రి ఏడున్నరకి మార్చుకున్నాం.

ఇప్పుడు నాకున్న పని అటల్ పెన్షన్. నలభై దాటితే చేర్చుకోరు. నలభైలో చేరితే అరవై తరవాత నెలకి వెయ్యి రావాలంటే ఇప్పుడు నెలకి 291 కట్టాలి, ఐదు వేలు రావాలంటే 1,454. ఆవిడ పోతే అదే పింఛను భర్తకి వస్తుంది. ఆవిడకి వచ్చే జూన్‌లో నలభై నిండుతాయి. బ్యాంకు నుంచి ఫారం తెచ్చాను, పేరు గడిలో ఆవిడ పేరు నేనే రాశాను, ఆధార్ చూసి. ఎంత పింఛనుకి కట్టాలి, ఎవరెంత వేసుకోవాలి అన్నది ఈ గురువారం తేలాలి. పెద్దాయన భార్య కూడా వస్తానంది.